వరండాలో నిలబెట్టిన పిల్లాడు... టీచర్ల మధ్య కూర్చున్న పెద్దాయన

1909. మద్రాసు మైలాపూరులో ఒక హైస్కూలు. పాఠం అప్పజెప్పలేని పద్నాలుగేళ్ల తెలుగు కుర్రాడికి దాదాపు రోజూ బెత్తం దెబ్బలే. ఆ తర్వాత క్లాసులోంచి బయటికి పంపేసేవాళ్లు. బడి టైములో సగం వరండాలోనే, ఏడుపులోనే గడిచిపోయేది. సాయంత్రం తమ్ముడు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లకపోతే చీకటి పడ్డా అక్కడే ఉండిపోయేవాడని జీవితచరిత్రలు రాసినవాళ్లు చెబుతారు. ఆ కుర్రాడు పుట్టింది మదనపల్లెలో. పేరు జిడ్డు కృష్ణమూర్తి.

ఆ పేరు వినగానే తత్వవేత్త, విదేశాల్లో ఉపన్యాసాలు, కొరుకుడు పడని పుస్తకాలు అనుకుని చాలామంది పక్కన పెట్టేస్తారు. మన పేజీకి పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. బడిలో అన్ని దెబ్బలు తిన్న ఆ మనిషి పెద్దయ్యాక, దాదాపు నాలుగు దశాబ్దాల పాటు, ఇంచుమించు ఏటా చలికాలంలో తిరిగొచ్చి టీచర్ల మధ్య కూర్చున్నాడు. తనిఖీ చేయడానికి వచ్చేవాడు కాదు. మార్కులేయడానికీ వచ్చేవాడు కాదు.

డీఎస్సీకి చదువుతున్నవాళ్లకి ఇది దగ్గరి విషయం. 2025 మెగా డీఎస్సీ నోటిఫికేషన్‌లో 16,347 పోస్టులున్నాయి. పోస్టు కొట్టేదాకా దారి అందరికీ కంఠస్థమే. టెట్ రాయాలి, అవనిగడ్డలోనో నంద్యాలలోనో కోచింగ్‌లో చేరాలి, గ్రాండ్ టెస్టులు రాయాలి, మెరిట్ లిస్టు కోసం ఎదురుచూడాలి. మరి కొట్టాక? ఒకరోజు పొద్దున్నే మీరు ఒక్కరే ముప్పై నలభై మంది పిల్లల ముందు నిలబడతారు. భిన్నాలు చెబుతారు. సగం మందికి ఎక్కదు. ఎందుకు ఎక్కలేదో చెప్పే పెద్దమనిషి ఆ గదిలో ఉండడు. ఎప్పుడో ఒకసారి అధికారి వస్తే రిజిస్టర్లు చూస్తారు, నోటుపుస్తకాలు దిద్దారా లేదా అని చూస్తారు, సంతకం పెట్టి వెళ్తారు. టీచరు ఉద్యోగంలో ఉన్న ఒంటరితనం గురించి ఏ కోచింగ్ సెంటర్‌లోనూ చెప్పరు.

ఆ ఒంటరితనానికి విరుగుడుగా ప్రపంచంలో చాలాచోట్ల వాడుతున్నదే ఇన్‌స్ట్రక్షనల్ కోచింగ్. మనవైపు కోచింగ్ అంటే పరీక్షకి తయారు చేయడం కాబట్టి పేరు కాస్త తికమక పెడుతుంది. ఇది వేరు. అనుభవమున్న ఒక టీచరు ఇంకొక టీచరు క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటారు. పాఠం అయ్యాక ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఏ పిల్లాడు ఏ మెట్టు దగ్గర ఆగాడు, ఏ ప్రశ్నకి ఎవ్వరూ నోరు విప్పలేదు, రేపు ఏది మార్చి చూద్దాం అని. కొన్నాళ్లకి మళ్లీ వస్తారు. సాఫ్ట్‌వేర్‌వాళ్లకైతే కోడ్ రివ్యూకీ ఆడిట్‌కీ ఉన్న తేడా అని చెబితే చాలు, ఇట్టే పట్టేస్తారు.

1980ల మొదట్లో అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు పరిశోధకులు దీనిమీద గట్టిగా పనిచేశారు. సెమినార్ హాల్లో శిక్షణ ఎంత బాగా ఇచ్చినా, తర్వాత క్లాసులో తోడు లేకపోతే ఆ నేర్చుకున్నది పిల్లల దాకా చేరేది చాలా తక్కువని వాళ్లు తేల్చారు. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా టీచర్లకి ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటోంది. గంటలు లెక్కపెట్టడం తేలికే. ఆ గంటల్లో పక్కన కూర్చునేది పై అధికారా, తోటి మనిషా అన్నదే చిక్కు. కృష్ణమూర్తి జీవితమంతా ఈ చిక్కుతోనే పెనుగులాడాడని నాకనిపిస్తుంది.

ఆయన 1895 మే నెలలో పుట్టాడు. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు. అది 1911లో ఏర్పడింది. మదనపల్లె అంతకుముందు కడప జిల్లాలో ఉండేది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి, తల్లి సంజీవమ్మ. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టుకున్నారు. చిన్నప్పుడు పట్టుకున్న మలేరియా ఏళ్ల తరబడి వదల్లేదు, దాంతో బడి చాలా రోజులు పోయింది. 1905లో కడపలో తల్లి చనిపోయింది. చదువులో మందకొడి అని టీచర్లు ముద్ర వేసేశారు.

ఆ మందకొడి పిల్లాడి గురించే ఇంకో ముచ్చట ఉంది. ఇంట్లో గడియారం మొత్తం విప్పేసి ముక్కలు పరిచి, మళ్లీ బిగించి అది నడిచే దాకా అన్నానికి కూడా లేవలేదట. ఇంజినీరింగ్ చదివిన ఎవరికైనా ఆ పిల్లాడి బుర్రలో ఏం నడుస్తోందో అర్థమవుతుంది. బడి అడిగే ప్రశ్న వేరు, ఆ బుర్ర వేసుకునే ప్రశ్న వేరు. ఆ రెంటినీ కలిపి చూసే టీచరు ఆ రోజుల్లో వాడికి దొరకలేదు.

రిటైరైన నారాయణయ్య 1909 జనవరిలో పిల్లలతో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరుకున్నాడు. అదే ఏడాది అక్కడి బీచిలో లెడ్‌బీటర్ అనే పెద్దమనిషి కంట కృష్ణ పడ్డాడు. ఈ కుర్రాడు లోకానికి గురువవుతాడని లెడ్‌బీటర్ ప్రకటించేశాడు. కృష్ణకి హోంవర్కులో సాయం చేసిన ఎర్నెస్ట్ వుడ్ ఆశ్చర్యపోయాడు, ఆయన లెక్కలో అది తెలివితక్కువ పిల్లాడు మరి. బడి మాన్పించి ఇంగ్లిషు, ఈత, సైకిలు అన్నీ ప్రైవేటుగా నేర్పారు. నోరు తెరుచుకుని నిలబడ్డాడని ఒకసారి లెడ్‌బీటరే గడ్డం మీద కొట్టాడు. జగద్గురువు కాబోయేవాడికి కూడా దెబ్బ తప్పలేదు!

అనీబిసెంట్ అన్నదమ్ములిద్దరికీ సంరక్షకురాలైంది. 1911లో కృష్ణమూర్తి అధిపతిగా ఒక అంతర్జాతీయ సంఘం పెట్టారు, దాని పేరు ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్. పిల్లల్ని తిరిగి ఇమ్మని తండ్రి కోర్టుకెక్కాడు. మద్రాసు హైకోర్టులో నెగ్గి, 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్‌లో ఓడిపోయాడు.

ఇక ఇంగ్లండు చదువు. ఆక్స్‌ఫర్డ్ కాలేజీలు చేర్చుకోలేదు. సరే, లండన్ యూనివర్సిటీ అన్నారు. దాని మెట్రిక్యులేషన్ పరీక్ష కృష్ణమూర్తి మూడుసార్లు రాశాడు, మూడుసార్లూ తప్పాడు. తమ్ముడు నిత్యానంద మాత్రం పాసై లా చదివాడు. బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లు దీన్ని స్టేటస్‌లో పెట్టుకోవచ్చు గానీ, అక్కడితో ఆగొద్దు. పరీక్ష తప్పినా చేతిలో కోటలూ, ఎస్టేట్లూ, వేల మంది భక్తులూ ఉన్న మనిషి ఆయన. ఆ సుఖాన్ని ఆయనే వదులుకున్నాడు. 1925 నవంబరులో తమ్ముడు కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో క్షయతో చనిపోయాడు. మహాత్ములు కాపాడతారని చెప్పిన మాటలన్నీ ఆ దెబ్బతో కూలిపోయాయి. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్ శిబిరంలో, తన కోసం పెట్టిన సంఘాన్ని తానే రద్దు చేశాడు. విరాళంగా వచ్చిన భూములు, ఎర్డే కోట తిరిగి ఇచ్చేశాడు. తాను ఎవరికీ గురువు కాననీ, తనని ఎవరూ అనుసరించొద్దనీ చెప్పేశాడు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే గురువుని కాను అన్నవాడే అప్పటికే ఒక బడికి చోటు చూసి పెట్టాడు.

1920ల మధ్యలో ఆయన పుట్టిన ఊరికి దగ్గర్లో ఒక విశ్వవిద్యాలయం పెట్టాలనుకున్నాడు. మదనపల్లెలో అప్పటికే అనీబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ ఉంది. 1919లో టాగూర్ వచ్చి జనగణమనని ఇంగ్లిషులోకి మార్చింది అక్కడే. కృష్ణమూర్తికి నచ్చింది మాత్రం ఊరికి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, తెట్టు దగ్గర కొండల మధ్య ఉన్న బీడు లోయ. అక్కడొక పెద్ద మర్రిచెట్టు ఉండేది. విశ్వవిద్యాలయం రాలేదు, రిషివ్యాలీ స్కూలు వచ్చింది. మద్రాసు గిండీలో అనీబిసెంట్ వాళ్లు నడిపిన బడిని 1931లో అక్కడికి తరలించారు. జి.వి. సుబ్బారావు మొదటి ప్రధానోపాధ్యాయుడు. రెండో ప్రపంచయుద్ధం మొత్తం కృష్ణమూర్తి అమెరికాలోనే ఉండిపోయాడు. 1947లో తిరిగొచ్చాక బడితో బంధం బలపడింది. 1950లో గ్వాలియర్ సింధియా స్కూల్లో పనిచేసిన గోర్డన్ పియర్స్ ప్రిన్సిపాల్‌గా వచ్చాడు.

చలికాలంలో కృష్ణమూర్తి వస్తే పిల్లలతో మాట్లాడతాడు, తర్వాత టీచర్లతో కూర్చుంటాడు. ఆ సంభాషణల్లో చాలావాటిని రికార్డు చేశారు. రిషివ్యాలీ, కాశీ దగ్గర రాజ్‌ఘాట్ బడుల్లో జరిగినవి 1974లో పుస్తకంగా కూడా వచ్చాయి. అవి చదివితే ఆయన తీరు తెలుస్తుంది. టీచరు ఒక సమస్య తెస్తాడు. పిల్లలు మాట వినడం లేదు, క్రమశిక్షణ ఎలా పెట్టాలి అంటాడు. ఆయన చిట్కా ఇవ్వడు. ఆ ప్రశ్నని తిప్పి టీచరు ముందే పెడతాడు. మీరు అడిగేది వాళ్లు నేర్చుకోవడం గురించా, మీ మాట చెల్లడం గురించా అన్న దిక్కుకి నడిపిస్తాడు. పిల్లాణ్ని ఇంకో పిల్లాడితో పోలిస్తే ఏమవుతుంది? భయంతో నేర్చుకున్నది నిలుస్తుందా? టీచరు తనే భయపడుతూ ఉంటే పిల్లలకి భయం లేకుండా ఎలా చెబుతాడు? గంటల తరబడి ఇదే. మధ్యలో ఎవరైనా ఒప్పేసుకుంటే ఆయనకి నచ్చేది కాదు. ఒప్పుకోవద్దు, మీరే చూడండి అని వెనక్కి పంపేవాడు.

మైలాపూరు వరండా ఇక్కడ పనిచేసిందా అంటే, ఆయన ఎక్కడా అలా లెక్కగట్టి చెప్పుకున్న మనిషి కాదు. కానీ బహుమతి, శిక్ష, పోలిక అనే మూడింటి మీద ఆయనకున్నంత పట్టుదల ఊరికే వచ్చిందని నేననుకోను.

1978 సెప్టెంబరు 1 నుంచి ఆయన తన బడులన్నిటికీ ఉత్తరాలు పంపడం మొదలెట్టాడు. అప్పటికి ఇంగ్లండులో, కాలిఫోర్నియాలో, మద్రాసులో, బెంగళూరులో కూడా బడులున్నాయి. అన్నిచోట్లా కూర్చోవడం ఎనభై దాటిన మనిషికి కుదరదు. పదిహేను రోజులకొక ఉత్తరం వెళ్లేది. టీచర్లు చదివి, కలిసి మాట్లాడుకోవాలని ఉద్దేశం. నాకు అందులో బాగా పట్టుకున్నది టీచరు భద్రత గురించిన మాట. రేపటి గురించి బెంగలేని చోటు టీచరుకి ఉండాలి, ఇది నా ఇల్లు అనిపించాలి, అప్పుడే పిల్లాడికి ఆ నెమ్మది అందుతుంది అని ఆయన పదే పదే రాశాడు. ఏడాది కాంట్రాక్టు మీద, అడ్మిషన్ల టార్గెట్ నెత్తిన పెట్టుకుని ప్రైవేటు స్కూళ్లలో చేస్తున్న మన స్నేహితులు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. టీచరు ఎదుగుదల గురించి మాట్లాడేవాళ్లు ముందు ఇక్కడ మొదలెట్టాలి.

అన్నీ బాగున్నాయా అంటే, లేదు. రేపు పొద్దున భిన్నాల పాఠం ఎలా మొదలెట్టాలి సార్ అని అడిగిన టీచరుకి కృష్ణమూర్తి దగ్గర జవాబు దొరకదు. కావాలనే ఇవ్వడు. ఒక పద్ధతి చేతికిస్తే టీచరు దానికి అతుక్కుపోయి, ఎదురుగా ఉన్న పిల్లాణ్ని చూడటం మానేస్తాడని ఆయన భయం. ఆ భయం నిజమే. కానీ ఏ పద్ధతీ లేని కొత్త టీచరు పిల్లాణ్ని చూసే తీరిక కూడా లేక కొట్టుకుపోతాడు, అదీ నిజమే. కోచ్ అడిగే మంచి ప్రశ్న పనిలో సగం. క్లాసులో కూర్చుని, పాఠాన్ని ముక్కలుగా విప్పి, టీచరుతో కలిసి మళ్లీ బిగించడం మిగతా సగం. గడియారం విప్పిన పిల్లాడికి ఆ రెండో సగం తెలియదనలేం. పెద్దాయన మాత్రం దాన్ని ముట్టుకోలేదు.

ఇంకో లోటు కూడా ఉంది. చిన్నప్పుడే ఇంగ్లిషులోకి మార్చేయడంతో ఆయన తెలుగు మరిచిపోయాడు. రిషివ్యాలీ ఫీజులు కట్టే ఇళ్ల పిల్లల బడి. దాని చుట్టూ కురబలకోట, తంబళ్లపల్లె పల్లెలు. అక్కడ ఒకే గదిలో ఐదు తరగతులు, ఒకే టీచరు. ఇంగ్లిషులో జరిగే ఆ సంభాషణలు గేటు దాటి అటు వెళ్లే దారి లేదు.

తన బడుల మీద ఆయనకీ తృప్తి లేదు. ఇన్నేళ్లలో భయం లేని మనిషి ఒక్కడైనా తయారయ్యాడా అని టీచర్లని నిలదీసేవాడు. విన్నవాళ్లకి అది ఎంత బరువో ఊహించొచ్చు. కోచ్‌గా చూస్తే అది మంచి ప్రశ్న కాదని నా అభిప్రాయం. దానికి ఏ టీచరూ సోమవారం పొద్దున జవాబు చెప్పలేడు.

1985 డిసెంబరులో ఆయన చివరిసారి రిషివ్యాలీ వచ్చాడు. తన బడులన్నిటి నుంచీ టీచర్లు అక్కడ సమావేశమయ్యారు. తొంభై ఏళ్లు, ఒళ్లు బాగా చిక్కిపోయింది, నడక కష్టమైంది. అయినా వచ్చి వాళ్ల మధ్య కూర్చున్నాడు. 1986 జనవరిలో మద్రాసులో చివరి ఉపన్యాసాలిచ్చి ఓహాయ్ వెళ్లాడు. ఫిబ్రవరి 17న పాంక్రియాస్ క్యాన్సర్‌తో చనిపోయాడు.

మిగతా సగం పని ఆ గేటు బయట, తెలుగులో మొదలైంది. వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం తరఫున 1980ల చివర్లో చుట్టుపక్కల చిన్న చిన్న పల్లె బడులు పెట్టారు. ఒకప్పుడు రిషివ్యాలీలో పాఠాలు చెప్పిన డేవిడ్ హార్స్‌బర్గ్, 1972లో సరిహద్దు అవతల కోలారు జిల్లాలో నీల్‌బాగ్ అనే బడి పెట్టి, పరీక్షలూ దండనలూ లేకుండా నడుపుతూ టీచర్లకి శిక్షణ కూడా ఇచ్చేవాడు. ఆయన ఆలోచనల ప్రభావం వీళ్ల మీద ఉంది. పల్లె బడుల్లో టీచర్లు చాలామంది ఆ ఊళ్ల యువతే. పెద్ద డిగ్రీలేం లేవు.

వాళ్లు పాఠ్యపుస్తకాన్ని విప్పి చిన్న చిన్న కార్డులు చేశారు. గోడ మీద ఒక నిచ్చెన పటం ఉంటుంది. ఒక్కో మెట్టుకి ఒక జంతువో పక్షో గుర్తు. పిల్లాడు తానెక్కడున్నాడో తానే చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుంటాడు. క్లాసులో కొన్ని గుంపులుంటాయి. ఒక గుంపుకి టీచరు పూర్తిగా తోడుంటుంది, ఒక గుంపుకి అప్పుడప్పుడు. ఇంకోచోట పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు, మరోచోట ఎవరికి వాళ్లే. జ్వరమొచ్చి పదిరోజులు రాని పిల్లాడు, ఆగిన మెట్టు దగ్గర్నుంచే మొదలెడతాడు. మలేరియాతో బడి పోయిన ఆ పిల్లాడికి 1900ల్లో ఎవరైనా ఇలాంటి కార్డు ఇచ్చి ఉంటే అనిపిస్తుంది. ఏ గుంపులో ఎవరు ఎక్కువసేపు ఆగిపోతున్నారో టీచరుకి కళ్లెదుటే కనబడుతుంది. కార్డు పనిచేయకపోతే మార్చాలి. ఈ సామగ్రికే స్కూల్ ఇన్ ఎ బాక్స్ అని పేరొచ్చింది. పద్ధతి వద్దన్న మనిషి నీడలో ఇంత పక్కా పద్ధతి పుట్టడం తమాషానే. కానీ పిల్లాణ్ని పక్కవాడితో పోల్చకూడదన్న ఆయన పట్టుదల, ఆ నిచ్చెనలో చెక్కకి చెక్కలా అమరిపోయింది.

1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకా ప్రభుత్వ టీచర్లు రిషివ్యాలీ పల్లె బడులు చూడటానికి వచ్చారు. చూసి వెళ్లి కన్నడలో తమ పాటలతో, తమ ఊళ్ల కథలతో కార్డులు తామే తయారు చేసుకున్నారు. తమ క్లాసుల్లో వాడి చూశారు, కుదరనివి మార్చుకున్నారు. దానికి నలి కలి అని పేరు పెట్టుకున్నారు, ఆడుతూ నేర్చుకో అని అర్థం. తర్వాత అది కర్ణాటక అంతా పాకింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల టీచర్లూ ఇదే దారిలో రిషివ్యాలీ వచ్చి నేర్చుకుని వెళ్లారు. వాళ్ల క్లాసుల్లో నల్లబల్లలు గోడ కిందికి, పిల్లల చెయ్యి అందే ఎత్తుకి దిగాయి. టీచరు కుర్చీ తీసేసి, పిల్లలతో పాటు చాప మీద కూర్చోవడం మొదలైంది.